తమ్ముడి తీర్పు నకలు

ఆ ఎండాకాలమంతా నేను ఊరందరి కాగితాలకూ నకళ్ళు తీస్తూ, మా తమ్ముడికి కావలసిన ఒక్క నకలు కోసం కోర్టు చుట్టూ తిరిగాను. మాది జిరాక్సు షాపు. ఇంటి ముందుగదే షాపు. షట్టరు ఎత్తితే వీధి, వెనక తలుపు తోస్తే వంటిల్లు. ఎవరు ఏ కాగితం తెచ్చినా వాళ్ళు చెమట తుడుచుకునేలోపు రెండోది తీసి చేతిలో పెట్టేదాన్ని. కోర్టువాళ్ళు మాత్రం నా మెషీను తీసేది నకలే కాదన్నారు. వాళ్ళ ముద్ర పడాలి, వాళ్ళ సంతకం పడాలి, అన్నిటికంటే ముందు వాళ్ళకు బుద్ధి పుట్టాలి.

తమ్ముడికి సిటీ బస్సు డ్రైవరుగా పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే ముప్పాతిక వంతు వచ్చింది. కళ్ళు చూశారు, ఎత్తు కొలిచారు, ఇరుకు సందులో బస్సును వెనక్కి నడిపించి చూశారు. అన్నిట్లో నెగ్గాడు. చివర్లో పోలీసు విచారణకు పంపితే, ఇతని పేరు ఒక కేసులో ఉంది, కేసు నడుస్తోంది అని రాసి తిప్పి పంపారు. ఆ కేసు ఎప్పుడో ముగిసిపోయింది. గోడౌనులో కూలి పెంచమని సమ్మె చేసినప్పుడు ఎవరో రాయి విసిరితే లారీ అద్దం పగిలింది. ఐదుగురి మీద కేసు పెట్టారు. మొదటి పేరు మా అన్నయ్యది, మూడో పేరు తమ్ముడిది. రాయి విసరడం మాట అటుంచండి, మా తమ్ముడు ఇంట్లో చీమల బారు కనిపిస్తే దాటి వెళ్ళే రకం. నోట్లో నాలుక లేనివాడు. కోర్టు కూడా వాణ్ణి రెండేళ్ళు తిప్పి తిప్పి నిర్దోషివి పొమ్మంది.

బస్సు ఆఫీసువాళ్ళు మంచిగానే చెప్పారు. ఆ తీర్పు నకలు, కోర్టు ముద్రతో, వచ్చే నెలాఖరులోగా తెచ్చిస్తే చేర్చుకుంటాం అన్నారు. ముప్పై ఐదు దాటితే తీసుకోరు. తమ్ముడికి వానలు మొదలయ్యే నెలలో ముప్పై ఐదు నిండుతాయి. అంటే ఇదే మొదటి ఛాన్సు, ఇదే ఆఖరిది.

అప్పటిదాకా వాడు అన్నయ్య వ్యాను నడిపేవాడు. అన్నయ్యకు మూడు వ్యాన్లున్నాయి. ఏ గోడౌను ముందు సమ్మె చేశాడో ఆ గోడౌనుకే ఇప్పుడు సరుకు తోలే కాంట్రాక్టరు. తమ్ముడికి జీతమంటూ ఒక లెక్క లేదు. అన్నం పెడుతున్నాం కదా అని వదిన, చేతి ఖర్చుకు ఇస్తున్నా కదా అని అన్నయ్య. అమ్మకు ఇందులో తప్పేమీ కనిపించేది కాదు. పెద్దవాడు ఇల్లు నిలబెట్టాడు, చిన్నవాడు వాడి వెనక నిలబడ్డాడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చిన్నవాడికి సొంత కాళ్ళు కూడా ఉన్నాయన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, ఆఖరికి వాడికి కూడా.

కేసు నంబరు తమ్ముడికి గుర్తులేదు. ప్లీడరు, కాగితాలు అన్నీ అన్నయ్యే చూసుకున్నాడక్కా అన్నాడు. కేసు నడిచిన రోజుల్లో నేను ఇక్కడ లేను, కాపురం చేస్తూ వేరే ఊళ్ళో ఉన్నాను. ఆ కాపురం గొడవ ఇక్కడ అనవసరం. అన్నయ్యను అడిగితే, సెల్‌ఫోను చూసుకుంటూనే చీటీ మీద నంబరు, సంవత్సరం రాసిచ్చాడు. నువ్వెందుకు తిరగడం, ప్లీడరు గుమాస్తాకు చెబుతాలే అని కూడా అన్నాడు. నేను వినలేదు. ఒకరికి చెప్పి, ఆ ఒకరు ఇంకొకరికి చెప్పి, చివరికి ఎవరూ చెయ్యని పనులు నా షాపు ముందు చాలా చూశాను.

కోర్టులో నకళ్ళ కౌంటరు ఒక కిటికీ. పెళ్ళికి వెళ్ళిన మనిషి కాళ్ళు కడుక్కునేంత చోటు కూడా ఉండదు దాని ముందు. ఆ చోటులోనే లైను. లోపల గుమాస్తా కూర్చుని ఉంటాడు, కనిపించేది ఆయన చెయ్యి, కళ్ళజోడు. దరఖాస్తు లోపలికి తోస్తే ఒక చుక్క తక్కువైందని బయటికి వచ్చేది. తల్లి పేరు రాయలేదని ఒకసారి. సిరా రంగు నచ్చలేదని ఒకసారి. మూడోసారి తీసుకుని, రెండు వారాల తర్వాత రమ్మన్నాడు. రెండు వారాల తర్వాత దరఖాస్తు వెనక్కి వచ్చింది. దాని మీద అడ్డంగా, ఈ నంబరుతో ఇతని పేరు మీద రికార్డు లేదు అని ఎర్రసిరాతో రాసి ఉంది.

లేకపోవడమేమిటని అడిగాను. లేదంటే లేదమ్మా, పక్కకు జరగండి అన్నాడు. నా వెనక నిలబడ్డాయన కూడా జరగమన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. నిర్దోషి అని జడ్జిగారు చెప్పినమాటను ఈ కిటికీలో కూర్చున్నాయన ఎర్రసిరాతో కొట్టేశాడు.

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య ఆశ్చర్యపోలేదు. ఆ సాయంత్రమే ప్లీడరు గుమాస్తాకు ఫోను చేశానన్నాడు. ఆ సంవత్సరం కట్టలన్నీ చెదలు తినేశాయట, ఇక చేసేదేం లేదట. అమ్మ తల కొట్టుకుని, వాడి రాత అంది. వదిన, పోనీ వ్యాను పని ఉండనే ఉంది కదా అంది. తమ్ముడు తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ, పోనీలే అక్కా అన్నాడు.

ఆ పోనీలే అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఆ మాట వాడొక్కడే అనాలి, మిగిలినవాళ్ళందరూ వినాలి. కొత్త చొక్కా అన్నయ్య కొడుక్కి ఇస్తే పోనీలే. పెళ్ళి సంబంధం తప్పిపోతే పోనీలే. ఉద్యోగం కూడా పోనీలేనా అని అరిచాను. వాడు కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ కోర్టుకెళ్ళాను. చెదలు తిన్నాయని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వండి, దాన్నే బస్సు ఆఫీసుకు ఇచ్చుకుంటాను అన్నాను. గుమాస్తా మొదటిసారి కిటికీలోంచి మొహం బయటికి పెట్టాడు. తనను ఎవరో బూతు తిట్టినట్టు చూశాడు.

"చెదలా? ఎవరు చెప్పారమ్మా? మా రికార్డు గదిలో పావురాలున్నాయి, ఎలకలున్నాయి, చెదలు మాత్రం లేవు. కాగితం ముక్క కూడా పోలేదు. మీరే నంబరు తప్పు తెచ్చుకుని మమ్మల్ని అంటారేంటి?"

ఆయన రోషం చూస్తే అబద్ధం అనిపించలేదు. నంబరు తప్పైతే కరెక్టు నంబరు ఎవరి దగ్గరుంటుందని ఆలోచించాను. ఐదుగురిలో ఒకాయన పంక్చరు షాపు పెట్టుకున్నాడని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. బస్టాండు వెనక ఆయన్ను పట్టుకున్నాను. వయసులో పెద్దాయన, నేను బాబాయ్ అని పిలిచాను. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూ నా గోడు విన్నాడు. చెదల సంగతి వచ్చేసరికి ట్యూబు వదిలేసి నవ్వాడు.

"చెదలెక్కడివమ్మా. షాపు లైసెన్సుకు కావాలంటే పోయినేడే నేను తెచ్చుకున్నా నకలు. లైసెన్సోళ్ళు ఉంచేసుకున్నారు గానీ, లేకపోతే నీకే ఇచ్చేవాణ్ణి. జిరాక్సుంది. జిరాక్సు చెల్లదు కదా, నీకు నేను చెప్పాలా."

నంబరు ఆయన షాపు గోడ మీద బొగ్గుతో రాసి ఉంది, టైర్ల కంపెనీ ఫోను నంబర్ల పక్కన. అన్నయ్య ఇచ్చిన చీటీ తీసి పక్కన పెట్టి చూశాను. నంబరూ వేరు, సంవత్సరమూ వేరు.

"నీ తమ్ముడి పేరు మీద వెతికితే జన్మకు దొరకదు," అన్నాడు బాబాయి. "కట్ట మీద మొదటివాడి పేరే ఉంటుంది. మమ్మల్ని నలుగుర్ని వదిలేశారు, మొదటివాడు దొరకలేదు. దొరకనివాడి కేసు మూతపడదు. కట్ట మొత్తం పెండింగు గదిలో పెట్టేస్తారు. మా తీర్పు ఆ కట్ట పొట్టలో ఉంది."

మొదటివాడు అంటే మా అన్నయ్య కదా, దొరకకపోవడమేమిటి అన్నాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నా మొహంలోకి చూశాడు. నాకు తెలియదని ఆయనకు అప్పుడే తెలిసింది.

"మీ అన్నయ్య ఒక్కసారి కూడా కోర్టు మెట్లెక్కలేదమ్మా. బంట్రోతు వరండాలోకొచ్చి మూడుసార్లు పేరు పిలిచేవాడు, పలికేవాడు లేడు. చివరికి పరారీ అని రాసుకున్నారు. కాగితాల మీద ఇప్పటికీ పరారీలోనే ఉన్నాడు. మొన్న ఆయన వ్యాను టైరుకు నేనే పంక్చరేశా."

మీ ఇంట్లో అందరికీ తెలుసనుకున్నానమ్మా అన్నాడు చివర్లో, చిన్నగా.

ఎండ మాడ్చేస్తోంది. అయినా ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కోర్టుకే వెళ్ళాను. ఈసారి సరైన నంబరు, మొదటి ముద్దాయి పేరు రాసి ఇచ్చాను. భోజనాల వేళ కావడంతో లైను పలచగా ఉంది. గుమాస్తా విసుక్కుంటూనే పెండింగు గదిలోంచి కట్ట తెప్పించాడు. ఎర్ర తాడు విప్పి, ఇదేనా చూసుకో అని నా వైపు తిప్పాడు. తీర్పు అడుగున ఉంది. దాని పైన వారంటు మీద పోలీసులు రాసిన రిపోర్టులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అన్నిట్లో ఒకే మాట. ఇంటికి వెళ్ళి విచారించగా ముద్దాయి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడనీ, ఆచూకీ తెలియదనీ తల్లి చెప్పింది. కింద తల్లి సంతకం.

ఆ సంతకం నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు. అమ్మ వేలిముద్ర వెయ్యడం నాకు నామోషీగా ఉండి, నేనే పట్టుబట్టి కూర్చోబెట్టి నేర్పాను. చివరి అక్షరం తోక పైకి లాగుతుంది, వద్దన్నా లాగుతుంది. నేను నేర్పిన అక్షరాలతో ఏడాదికోసారి అబద్ధానికి సంతకం పెట్టింది. ఆఖరిది ఈ చలికాలంలోదే. ఆ వేళ నేను షాపులోనే ఉండి ఉంటాను. ఎవరో పోలీసు వస్తే అడ్రసు కోసం వచ్చాడనుకుని ఉంటాను. చంకలో పిల్లణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పరారీలో ఉన్న మనిషికి ఆ ఇంట్లోనే రోజూ మంచినీళ్ళు ఇచ్చాను.

కట్ట మళ్ళీ కట్టేస్తూ గుమాస్తా ఒక మెలిక పెట్టాడు. ఇది నడుస్తున్న కేసు కాబట్టి నకలు ఇవ్వాలంటే మేజిస్ట్రేటుగారి అనుమతి కావాలి. దరఖాస్తు లోపలికి పంపిస్తాను, ఎల్లుండి హాజరవ్వండి అన్నాడు. ఆ తర్వాత కోర్టుకు ఎండాకాలం సెలవులన్నాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన రభస వీధి చివరిదాకా వినిపించిందని తర్వాత చెప్పారు. నిజానికి అరిచింది నేనొక్కదాన్నే. అన్నయ్య అన్నం తింటున్నాడు, వదిన వడ్డిస్తోంది, అమ్మ గడప మీద కూర్చుని ఉంది. తప్పు నంబరు చీటీ అన్నయ్య కంచం పక్కన పెట్టాను. చూసి చెయ్యి కడుక్కున్నాడు. కాదని అనలేదు, అదొక్కటే ఆయన చేసిన మర్యాద.

తను చెప్పిందంతా ఇదీ. మొదట భయపడ్డాడు. తర్వాత ఇంతకాలం వెళ్ళలేదు కదా, ఇప్పుడెళ్తే లోపలేస్తారని ఇంకా భయపడ్డాడు. కాంట్రాక్టు వచ్చాక అసలు తలుచుకోవడమే మానేశాడు. గోడౌను కాంట్రాక్టు ఈ వానాకాలంలో మళ్ళీ రాయించుకోవాలి, వాళ్ళ లారీ కేసే ఇప్పుడు బయటికి లాగితే వాళ్ళు ఊరుకుంటారా. కట్ట ఎవరూ కదపకపోతే అందరికీ మంచిది.

అందరికీ అంటే ఎవరెవరికి అని అడిగాను. తమ్ముడి కోసం నువ్వే వెళ్ళి కోర్టులో నిలబడు, రేపే వెళ్ళు అన్నాను.

"వాడికేం తక్కువ చేశాను?" అన్నాడు అన్నయ్య. "బస్సు కాకపోతే నా వ్యాను లేదా? నేను లేనా?"

నువ్వు లేవు, కోర్టువాళ్ళు రాసిపెట్టారు, పరారీలో ఉన్నావు అన్నాను. వదిన ముఖం తిప్పుకుంది. నేను అమ్మ వైపు తిరిగాను. సంతకం సంగతి అడిగాను. అమ్మ తడుముకోలేదు. నాకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది, ఆమె అంత నింపాదిగా చెప్పింది.

"పెద్దవాడు పోతే ఇల్లు పోతుంది. చిన్నవాడు ఎలాగైనా సర్దుకుంటాడు. రెండు నెలలు ఓపిక పట్టవే."

ఒక కంటికి వెన్న, ఇంకో కంటికి సున్నం. ఆ మాటే అనేశాను. తల్లిని పట్టుకుని అంత మాటంటావా అని అన్నయ్య లేచాడు. సరిగ్గా అప్పుడే తమ్ముడు వ్యాను పెట్టి లోపలికి వచ్చాడు. ఎంతసేపటినుంచి విన్నాడో తెలియదు. అన్నయ్య కోర్టుకు రాలేదని వాడికి మొదటినుంచీ తెలుసు, అడగనిదే చెప్పే రకం కాదు. దరఖాస్తు మీద నీ సంతకం కావాలి అని వాడి ముందు పెట్టాను. అమ్మ వాడి మొహంలోకి చూసింది. వాడు అమ్మనూ, అన్నయ్యనూ చూసి, చాలాసేపు పెన్ను పట్టుకునే ఉండి, చివరికి నా మొహం చూసి పెట్టాడు. నేను వదలనని వాడికి తెలుసు.

మూడోనాడు పొద్దున నేనొక్కదాన్నే వెళ్ళాను. అన్నయ్య కావాలనే తమ్ముణ్ణి దూరపు లోడుకు పంపించాడు. మేజిస్ట్రేటుగారికి నా వయసే ఉంటుంది. సెలవులకు ముందు ఆఖరి రోజు కావడంతో ఆమె బల్ల మీద కట్టలు గుట్టగా ఉన్నాయి. బంట్రోతు తమ్ముడి పేరు పిలిస్తే నేను వెళ్ళి నిలబడ్డాను. ఆమె కాగితం మీంచి కళ్ళెత్తకుండానే అడిగింది.

"దరఖాస్తు పెట్టింది మీ తమ్ముడు కదా, ఆయనేడీ?"

"వ్యాను మీద వెళ్ళాడండీ."

"ఎవరి వ్యాను?"

"మా అన్నయ్యదండీ."

ఆమె పేజీ వెనక్కి తిప్పి చూసింది. "మొదటి ముద్దాయి కూడా మీ అన్నయ్యే అని ఉంది. మీకు ఎంతమంది అన్నయ్యలు?"

"ఒక్కడేనండీ," అన్నాను.

ఆమె అప్పుడు కళ్ళెత్తింది. అన్నయ్య చిరునామా అడిగింది. దరఖాస్తు మీద ఉన్నదేనండీ అన్నాను. ఆమె రెండు చోట్ల ఏదో రాసి, నకలు ఇవ్వమని కట్టను పక్కకు పెట్టించింది. అంతే జరిగింది. నోరు జారిందని తర్వాత మా బంధువులు నా తరఫున చెప్పబోయారు. నా నోరు జారలేదు. అడిగినదానికి సరిగ్గా సమాధానం చెప్పాను, మా ఇంట్లో ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

నకలు రాసే టైపిస్టు ఆ రోజు మధ్యాహ్నమే సెలవు మీద వెళ్ళిపోయింది. కోర్టు మళ్ళీ తెరిచాకే అన్నారు. గడువు ఆ సెలవుల మధ్యలో పడింది. బస్సు ఆఫీసుకు వెళ్ళి బతిమాలాను. పంక్చరు షాపు బాబాయి దగ్గర తెచ్చిన జిరాక్సు చూపించాను, మేజిస్ట్రేటుగారు ఇవ్వమన్నారని చెప్పాను, కోర్టు తలుపుకు తాళం ఉందని చెప్పాను. అక్కడి ఆఫీసరు జాలిగానే విన్నాడు. గడువు గడువేనమ్మా, వెనక లిస్టులో మనుషులున్నారు అన్నాడు. అబద్ధపు నంబరు పట్టుకుని కిటికీ ముందు పోగొట్టుకున్న ఆ మొదటి వారాలు ఉంటే సెలవులకు ముందే నకలు చేతికి వచ్చేది. ఆ లెక్క నా తలలో రోజూ తిరిగేది. ఎవరితో మాట్లాడుతున్నా తిరిగేది.

ఇక అన్నయ్య సంగతి. పోలీసులు వచ్చేలోపు ప్లీడరును వెంటబెట్టుకుని తనే వెళ్ళాడు. సెలవుల్లో కూడా అర్జంటు పనులకు ఒక జడ్జిగారు కూర్చుంటారట. పొద్దున లొంగిపోయాడు, బెయిలు తెచ్చుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాడు. ఇన్నేళ్ళు ఏ భయంతో తమ్ముడి తీర్పును మూటకట్టి దాచాడో ఆ భయం ఒక్క పూటలో తీరిపోయింది. గోడౌనువాళ్ళు కూడా ఏమీ అనలేదు. ఎప్పటి కేసో అది, ఇంకా ఉందా అని నవ్వారట. బెయిలుకు సెలవులు లేవు, నకలుకు ఉన్నాయి. ఆ రోజు అన్నయ్య ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నది చూసి, షాపు షట్టరు వేసుకుని లోపల ఒక్కదాన్నే ఏడ్చాను. బాధతో కాదు, కొట్టడానికి చెయ్యి అందక ఏడ్చాను.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వదిన వంటింటి తలుపుకు అటువైపునుంచి గడియ పెట్టింది. నేను షాపులోనే స్టవ్వు పెట్టుకున్నాను. తమ్ముడు రెండు పూటలా అటే తినేవాడు, తిన్నాక ఇటొచ్చి కాగితాల బొత్తులు సర్దేవాడు. నన్ను తప్పు పట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఒకరోజు మాత్రం, అన్నయ్యను పట్టివ్వమని నేను చెప్పలేదక్కా అన్నాడు. నిన్ను పట్టి ఉంచమని నేనూ చెప్పలేదురా వాళ్ళకు అన్నాను.

కోర్టు తెరిచిన వారంలో నకలు వచ్చింది. ప్రతి పేజీ మీద గుండ్రటి ముద్ర, కింద సంతకం. ఇద్దరం బస్సు ఆఫీసుకు తీసుకెళ్ళాం. ఆఫీసరు మొదటి పేజీనుంచి చివరిదాకా చదివాడు. తప్పేమీ లేదు, చక్కగా నిర్దోషి అనే ఉంది అన్నాడు. తమ్ముడి స్థానంలో చేరినతను అప్పటికే బస్సు ఎక్కేశాడు. వచ్చేదారిలో సిటీ బస్సు ఎక్కుదామంటే తమ్ముడు నడిచి వెళ్దామన్నాడు. మొదటి వాన చినుకులు అప్పుడే మొదలయ్యాయి. వాడికి ముప్పై ఐదు ఆ వారమే నిండాయి.

నకలు నేను షాపు సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎందుకూ పనికిరాని కాగితమే అయినా, వాడు ఏ తప్పూ చెయ్యలేదని రాసి ఉన్నది లోకంలో అదొక్కటే.

కొద్ది రోజులకు అమ్మ నా షాపులోకి వచ్చింది. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి. కూర్చోమన్నాను, కూర్చోలేదు. అన్నయ్య కేసు పై కోర్టులో కొట్టేయిస్తామని ప్లీడరు చెప్పాడట. మిగతా నలుగురు నిర్దోషులని తీర్పు ఉంది కాబట్టి సులువట. ఆ తీర్పు నకలు జత చెయ్యాలట. కోర్టు ముద్ర ఉన్నదే కావాలట.

"నీ దగ్గరుంది కదా, ఇవ్వు. వాడికి ఇక దాంతో పనేముంది?" అంది.

 మెషీను మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఇవ్వనన్నాను. కావాలంటే ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి, కోర్టుకెళ్ళి దరఖాస్తు పెట్టుకోమను, లైనులో నిలబడమను, ఎర్రసిరాతో తిప్పి కొడితే మళ్ళీ వెళ్ళమను అన్నాను. అమ్మ వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. ఆమె అంత తేలిగ్గా వదిలేసిందేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మర్నాడు పొద్దున తమ్ముడు షాపుకు రాలేదు. వ్యాను ఇంటి ముందే ఉంది, అన్నయ్య లోపల పేపరు చదువుకుంటున్నాడు. వాడేడని వదినను అడిగితే, ఏదో పనుందని వెళ్ళాడు అంది. ఏ పనో చెప్పలేదు. నా చేతిలో ఎవరివో సర్టిఫికెట్లున్నాయి, అవి వాళ్ళకు తిరిగి ఇచ్చేసి, షట్టరు దించి, వానలోనే ఆటో ఎక్కాను.

నకళ్ళ కౌంటరు ముందు లైను వరండా దాటి మెట్ల దాకా ఉంది. మెట్ల మీదివాళ్ళు తడుస్తున్నారు. తమ్ముడు బాగా ముందున్నాడు, తెల్లవారకుండానే వచ్చి ఉంటాడు. దరఖాస్తును చొక్కా లోపల పెట్టుకుని, తడవకుండా పైనుంచి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నన్ను చూసి తలొంచుకున్నాడు. అన్నయ్యకు నకలు తెచ్చిపెట్టమని అమ్మ అడిగిందక్కా అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని లాగాను.

"అక్కా, ఇంకా ఇద్దరే ఉన్నారు నా ముందు," అన్నాడు.

"ఆ ఇద్దరూ వాళ్ళ కోసం నిలబడ్డార్రా," అన్నాను.

వాడు కదల్లేదు. కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముందున్న ఇద్దరిలో ఒకరి పని అయిపోయి లైను ఒక అడుగు జరిగింది. వెనకాయన జరగమని వాడి భుజం తట్టాడు. తమ్ముడు చొక్కాలోంచి దరఖాస్తు తీసి, మడత విప్పి ఒకసారి చూసుకుని, మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టాడు. మీరు వెళ్ళండి అని వెనకాయనకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు.